గింజ గుణం తెలిసి వండుదాం

పుష్యమాసం. అనపకాయల కాలం.

చిలమత్తూరు మండలంలో ఒక పల్లె. ఊరి బయట పెద్ద కానుగ చెట్టు ఉంది. సాయంత్రమైతే ఆడవాళ్లు ఆ చెట్టు కింద చేరతారు. చేటల్లో అనపకాయలు పోసుకుని ఒలుస్తారు. ఒలవడం అయ్యాక పుస్తకాలు తీస్తారు. వాళ్ల చదువు కూడా ఆ చెట్టు కిందే.

ఆ రోజు ఇంకా ఒలవడం కాలేదు. నాలుగేళ్ల పాప ఆడుకుంటూ వచ్చింది. మెడలో ఎర్రటి దండ వేసుకుంది. బుగ్గ ఒకటి ఉబ్బి ఉంది. నోట్లో ఏదో చప్పరిస్తోంది.

అవ్వ చూసింది. చేతిలోని చేట కింద పడేసింది.

"ఏమే పాపా, నోట్లో ఏముండాది? ఉమ్మెయ్! తొందరగా ఉమ్మెయ్!"

పాప భయపడి ఉమ్మింది. ఎర్రటి గింజ. ఒక కొనన నల్లటి చుక్క. గురివింద గింజ.

తల్లి పరుగున వచ్చింది. పాపను ఎత్తుకుంది. "ఒక్కటే కదా, ఉమ్మేసింది లే" అన్నారు ఎవరో. కానీ ఆశా అక్క ఊరుకోలేదు. పాప అక్కను పిలిచింది. దండ గుచ్చింది ఆ పిల్లే. కంచె మీద పాకిన తీగ నుంచి గింజలు కోసి గుచ్చింది.

"ఎన్ని గింజలు గుచ్చినావు పాపా?"

"ఇరవై ఐదు."

తల్లి దండ తీసి లెక్క పెట్టింది. ఇరవై మూడు ఉన్నాయి. పాప ఉమ్మింది ఒకటి. మొత్తం ఇరవై నాలుగు.

ఒక గింజ లేదు.

చుట్టూ వెతికారు. దొరకలేదు. "మింగినావా తల్లీ?" అని అడిగితే పాప తల ఊపింది.

అవ్వ ఉప్పునీళ్లు తాపి వాంతి చేయిద్దామంది. ఆశా అక్క వద్దంది. "వాంతి చేయించే పని మనం పెట్టుకోకూడదు అవ్వా. ఆసుపత్రికి పోవల్ల" అంది. 108కి ఫోన్ చేసింది. అంబులెన్సు వచ్చేలోగా తల్లి ఒక పని చేసింది. నోటు పుస్తకంలోంచి కాగితం చించింది. పెన్సిలుతో రాసింది:

గురివింద గింజ. ఒకటి మింగింది. సాయంత్రం 5 గంటలు. వయసు 4.

ఉమ్మిన గింజను అదే కాగితంలో పొట్లం కట్టింది. పాపను ఎత్తుకుని హిందూపురం ప్రభుత్వ ఆసుపత్రికి పోయింది.

డాక్టరమ్మ కాగితం చదివింది. గింజ చూసింది. ఉమ్మిన గింజ పై పెంకు పగల్లేదు. "కొరికిందా, మింగిందా అన్నదే ముఖ్యం. ఈ గింజ పగల్లేదు కాబట్టి రెండోది కూడా నమలకుండా మింగి ఉండొచ్చు. అయినా ఇంటికి పంపను. మూడు రోజులు చూడాల" అంది.

రెండో రోజు గింజ బయటికి పడింది. పగల్లేదు. మూడో రోజు దాటినా పాపకు వాంతులు లేవు, విరేచనాలు లేవు. నాలుగో రోజు తల్లీ బిడ్డా ఊరికి వచ్చారు.

ఆ సాయంత్రం కానుగ చెట్టు కింద అందరూ ముందే చేరారు. ఆ రోజు పాఠం గింజల గురించే.

ఇంత చిన్న గింజలో ఏముంది?

"గురివింద తన నలుపు తానెరగదంటారు. మనమూ దాని లోపలి నలుపు ఎరగకపోతిమి" అంది అవ్వ.

గురివింద గింజలో ఏబ్రిన్ అనే విషం ఉంది. అది ఒంట్లోకి చేరితే మన కణాలు మాంసకృత్తులు తయారు చేసుకోలేవు. కణాలు చస్తాయి. ముందు కడుపునొప్పి, వాంతులు, నెత్తురు విరేచనాలు వస్తాయి. తరువాత కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇవి కొన్ని గంటలకు మొదలు కావచ్చు. ఒక్కోసారి రెండు మూడు రోజులకు కూడా కనబడతాయి. ఈ విషానికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో చేసేది, ప్రాణం నిలిచేలా చూసుకోవడమే.

గింజ పెంకు చాలా గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది. నమిలితే, నూరితే, దండ కోసం సూదితో గుచ్చితే లోపలి విషానికి దారి దొరుకుతుంది. అందుకే గుచ్చిన దండ మరీ ప్రమాదం.

పూర్వం కంసాలులు బంగారం తూచడానికి ఈ గింజలు వాడారు. వినాయకుడి బొమ్మలకు కళ్లుగా పెట్టేవాళ్లూ ఉన్నారు. తూకానికి, బొమ్మకు సరే. పిల్లల చేతికి మాత్రం తగదు.

అన్నీ ఒకే వంశం

టీచరమ్మ ఒక ప్రశ్న అడిగింది. "మన చేటలో ఉన్న అనపకాయకు, గురివిందకు ఏమి సంబంధం?"

ఎవరూ చెప్పలేదు.

రెండూ ఒకే వంశం. రెండింటికీ కాయ ఉంటుంది. కాయలో గింజలు వరుసగా ఉంటాయి. ఎండితే కాయ రెండుగా చీలుతుంది. కంది, పెసర, ఉలవ, శనగ, అలసంద, వేరుశనగ ఈ వంశంలోవే. చింతచెట్టు, తంగేడు, సుబాబుల్ కూడా ఇందులోవే. వాళ్లు కూర్చున్న కానుగ చెట్టు కూడా ఈ వంశమే.

"అట్లయితే మనం తినేదాంట్లో కూడా విషం ఉంటాదా?" అని అడిగింది చిన్న కోడలు.

ఉంటుంది. కొన్నిట్లో కొద్దిగా, కొన్నిట్లో ఎక్కువగా. ఎందుకు?

చెట్టుకు కాళ్లు లేవు. పురుగు వస్తే, మేక వస్తే పారిపోలేదు. గింజ చెట్టుకు బిడ్డ లాంటిది. పప్పుజాతి గింజల్లో మాంసకృత్తులు ఎక్కువ. నూటికి ఇరవై పాళ్లకు పైగా ఉంటాయి. ఆ బలం కోసం పురుగులు, పక్షులు, పశువులు, మనుషులు అందరూ వస్తారు. అందుకే చెట్టు తన బిడ్డకు కాపలా పెట్టుకుంటుంది. ఆ కాపలాయే చేదు, వగరు, విషం.

మన పెద్దవాళ్లు ఆ కాపలాను దాటే ఉపాయాలు కనిపెట్టారు. నానబెట్టడం, తొక్క తీయడం, నీళ్లు వంపడం, ఉడికించడం, మొలకెత్తించడం. ఇవి ఉత్త ఆచారాలు కావు. ప్రతి దానికీ కారణం ఉంది. ఆ కారణం తెలిస్తే తప్పు చేయం.

గింజల్లోని విషాలను మూడు రకాలుగా గుర్తు పెట్టుకోవచ్చు.

1. నిప్పుకు చచ్చేవి

ఉలవలు చూడండి. పచ్చి ఉలవల్లో రెండు చెడ్డ గుణాలు ఉన్నాయి. ఒకటి, తిన్న మాంసకృత్తులను అరగనివ్వదు. రెండోది, పేగుల గోడకు అంటుకుని కడుపు చెడగొడుతుంది. బాగా ఉడికిస్తే రెండూ నశిస్తాయి.

"అందుకే మా నాయన ఎద్దులకు ఉలవలు ఉడికించే పెట్టేవాడు. పచ్చివి పెట్టేవాడు కాదు" అంది అవ్వ.

ఉలవలు ఉడికిన కట్టుతో చారు కాస్తాం. రాగిముద్దలోకి అది మంచి ఆహారమే. చెడు గుణం నిప్పుకు పోయింది కాబట్టి ఆ కట్టు పారబోయనక్కర లేదు.

బీన్స్ గింజలు, రాజ్మా గింజలతో ఇంకా జాగ్రత్త. ఎర్ర రాజ్మా పచ్చివి నాలుగైదు తిన్నా వాంతులు, విరేచనాలు కావచ్చు. వీటిని రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లు పోసి, తెర్లించి ఉడికించాలి. సన్న సెగ మీద సగం ఉడికితే విషం పోదు. గింజ చేత్తో నలిపితే మెత్తగా నలగాలి. అదే గుర్తు.

2. నీళ్లలో పోయేవి

అనపగింజలను రాత్రంతా నానబెడతాం. పొద్దున పితికి తొక్క తీస్తాం. అదే పితికిపప్పు. చిలమత్తూరు, హిందూపురం వైపు ఆ పప్పు కూర వండని ఇల్లు ఉండదు.

తొక్కలో వగరు ఉంటుంది. ఆ వగరు ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. తొక్క తీస్తే వగరు పోతుంది. కడుపు ఉబ్బరం తెచ్చే కొన్ని చక్కెరలు నీళ్లలోకి దిగుతాయి. అందుకే నానబెట్టిన నీళ్లు పారబోయాలి.

ఎండిన అనపగింజల్లో, ముఖ్యంగా నల్లటి ముదురు రంగు రకాల్లో ఇంకో గుణం ఉంటుంది. నానినప్పుడు, నలిగినప్పుడు వాటిలోంచి సయనైడు కొద్దిగా పుడుతుంది. పేరు విని భయపడవద్దు. అది నీళ్లలో దిగుతుంది. ఉడికేటప్పుడు ఆవిరితో పోతుంది. ముదురు గింజలు వండేటప్పుడు రాత్రి నానబెట్టిన నీళ్లు వంపాలి. కొత్త నీళ్లు పోయాలి. మొదట కాసేపు మూత తీసి ఉడికించాలి. ఎండు గింజలు పచ్చిగా నమలకూడదు.

చింతగింజలూ అంతే. తొక్క వగరు. వేయించి, తొక్క తీసి, నానబెట్టి తినడం పల్లెల్లో తెలిసిన పద్ధతే.

3. ఎప్పుడూ తినకూడనివి

కొన్నిటిని ఏమి చేసినా తినకూడదు. గురివింద అలాంటిదే. కానుగ కూడా అలాంటిదే. కానుగ గింజలు ఏరి అమ్ముకోవచ్చు. నూనె దీపానికి పనికొస్తుంది. చర్మం మీద పూసుకునేవాళ్లు ఉన్నారు. పిండి చేనుకు ఎరువు. కానీ ఆ నూనె వంటకు పనికిరాదు. అందులో చేదు పదార్థాలు ఉన్నాయి. కానుగ నూనె, వంట నూనె ఒకే రకం సీసాల్లో పోసి పక్కపక్కన పెట్టకండి. సీసా మీద పేరు రాసి అంటించండి. రాయడం వచ్చింది కదా!

వేరుశనగ విషయం వేరు. మంచి వేరుశనగ గింజలో విషం లేదు. కానీ తడి తగిలితే బూజు పడుతుంది. ఆ బూజు ఒక విషం తయారు చేస్తుంది. దాని పేరు ఆఫ్లటాక్సిన్. అది కాలేయాన్ని చెడగొడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. వెతికితే, వాటికి పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషం ఉంది. వేయించినా, ఉడికించినా ఇది పూర్తిగా పోదు. కాయలు కొట్టే పనికి పోయినప్పుడు ఏరి పక్కన పడేసిన గింజలు ఇంటికి తెచ్చుకుంటాం. అందులో బూజు పట్టినవి, ముడుచుకున్నవి, రంగు మారినవి పిల్లలకు పెట్టవద్దు. కోళ్లకు కూడా వేయవద్దు.

కూలి కింద ఇచ్చిన గింజ

ఇప్పుడు ఇంకో పప్పు కథ. దాని పేరు కేసరి పప్పు. లంకపప్పు అని కూడా అంటారు. చూడడానికి కందిపప్పులా ఉంటుంది.

ఈ పైరుకు కరువంటే భయం లేదు. వాన లేకున్నా పండుతుంది. మిగతా పైర్లు ఎండిపోయినా ఇది మిగులుతుంది. అందుకే కరువు రోజుల్లో పేదలు దాన్నే తిన్నారు. 1830ల్లో మధ్యప్రదేశ్ సాగర్ ప్రాంతంలో వరసగా పంటలు పోయాయి. కేసరి ఒక్కటే మిగిలింది. జనం అదే తిన్నారు. పడుచువాళ్లకు కాళ్లు పడిపోయాయి. స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి ఈ సంగతి తన పుస్తకంలో రాశాడు. ఆ పుస్తకం 1844లో వచ్చింది.

నూరేళ్లు దాటినా ఆ కథ ముగియలేదు. మధ్యప్రదేశ్‌లోనే రీవా జిల్లాలో వెట్టి కూలీలు ఉండేవాళ్లు. భూమి గలవాళ్లు వాళ్లకు కూలి డబ్బులు ఇచ్చేవాళ్లు కాదు. కేసరి గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. పూటపూటా అదే తిండి. కొన్ని నెలలు అదే తింటే ఒకరోజు కాళ్లు బిగుసుకుపోతాయి. మొదట కర్ర పట్టుకుని నడుస్తారు. తరువాత రెండు కర్రలు. ఆఖరికి నేల మీద పాకుతారు. పడిన కాళ్లు మళ్లీ లేవవు. మందు లేదు.

ఎందుకిట్లా అవుతుందో చాలాకాలం తెలియలేదు. 1960ల మొదట్లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అడిగ, రావు, శర్మ అనే శాస్త్రవేత్తలు ఆ గింజలోని విషాన్ని విడదీసి చూపారు. అది నరాలను చెడగొడుతుంది. అదే కాలంలో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థవారు ఇంకో సంగతి చెప్పారు. ఎక్కువ వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే చాలా విషం పోతుందని చూపారు. పోయేది చాలావరకే, మొత్తం కాదు.

1961లో కేంద్ర ప్రభుత్వం ఈ పప్పు అమ్మకాన్ని నిషేధించింది. అయినా కొన్ని రాష్ట్రాల్లో సాగు ఆగలేదు. తరువాత విషం తక్కువ ఉన్న రకాలను శాస్త్రవేత్తలు తయారు చేశారు. వెట్టిచాకిరిని 1976 చట్టం రద్దు చేసింది.

టీచరమ్మ ఇంతవరకు చదివి ఆగింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

"గింజది ఒక తప్పు. కూలి కింద అదే గింజ ఇచ్చినోళ్లది ఇంకో తప్పు" అంది కూలికి పోయే వదిన.

ఆ మాట అందరికీ నచ్చింది. రకరకాల తిండి తినేవాళ్లకు ఈ జబ్బు రాదు. దిక్కులేక ఒకే గింజ తిన్నవాళ్లకే వచ్చింది.

వదిన లేచి ఇంటికి పోయింది. ఒక పొట్లం తెచ్చింది. సంతలో తక్కువ ధరకు కొన్న కందిపప్పు అది. చేటలో పోసి అందరూ ఏరారు. కందిపప్పు బద్ద ఒక వైపు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. కేసరి పప్పు అలా ఉండదు. అది పలకలుగా ఉంటుంది. ఒక వైపు ఏటవాలుగా, గొడ్డలి అంచులా కనబడుతుంది.

అలాంటివి పదకొండు దొరికాయి. వదిన మొగం చిన్నబోయింది.

"ఇన్ని గింజలకే కాళ్లు పోవు అక్కా. కల్తీ మాత్రం కల్తీనే" అంది ఆశా అక్క. ఆ పదకొండు గింజలను విడిగా పొట్లం కట్టారు. కొన్న రోజు, కొన్న చోటు కాగితం మీద రాశారు. ఆహార కల్తీ చూసే అధికారికి ఇవ్వాలని అనుకున్నారు. అంగట్లో అడిగి బిల్లు తీసుకోవాలని కూడా అనుకున్నారు. శనగపిండిలో కూడా కేసరి పిండి కలుపుతారు. పిండిలో కలిస్తే కంటికి కనబడదు. శనగపప్పు కొని, ఏరి, మరలో ఆడించుకుంటే మేలు.

మందు ఆపలేనిది మాట ఆపింది

కసింద మొక్క అందరికీ తెలుసు. వాన పడితే దారి పక్కన, దిబ్బల మీద మొలుస్తుంది. పసుపు పూలు. నలిపితే చెడు వాసన. తగిరిసతో పోల్చి పొరబడతారు. తగిరిసకు ఆకు రెమ్మ మీద మూడు జతల ఆకులు ఉంటాయి. వాటి కొనలు గుండ్రం. కసిందకు నాలుగైదు జతలు ఉంటాయి. కొనలు మొనదేలి ఉంటాయి.

ఉత్తరప్రదేశ్ పడమటి జిల్లాల్లో ప్రతి ఏడూ వానలు పోయి చలి వచ్చేటప్పుడు చిన్నపిల్లలు చనిపోయేవాళ్లు. ఉన్నట్టుండి వాంతులు, మత్తు, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవడం. అందరూ మెదడువాపు జ్వరం అనుకున్నారు. బిజ్నోర్‌లో పిల్లల డాక్టరు విపిన్ వశిష్ఠ, వేలూరు డాక్టరు జాకబ్ జాన్ కలిసి వెతికారు. 2007లో తేల్చి చెప్పారు. పిల్లలు ఆటల్లో కసింద గింజలు తిన్నారు. ఆ విషం కాలేయాన్ని, కండరాలను, మెదడును చెడగొట్టింది.

2016లో ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో నూరు మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ జిల్లా ఆంధ్ర సరిహద్దులోనే ఉంది. కొందరు పిల్లల్లో జపాన్ మెదడువాపు కనబడింది. మిగతావాళ్లలో చాలామందికి కసింద గింజలే కారణమని జాకబ్ జాన్ బృందం చెప్పింది.

చనిపోయినవాళ్లు ఎక్కువగా పేదింటి బిడ్డలు. తల్లులు పనికి పోతారు. బిడ్డలు ఆకలితో ఆడుకుంటారు. కాయ కనబడితే కొరుకుతారు.

ఈ జబ్బుకూ మందు లేదు. మరి ఎట్లా తగ్గింది? బిజ్నోర్ వైపు ఊరూరా చెప్పారు. మొక్కను చూపించారు. "ఇది పిల్లలకు అందనివ్వకండి" అన్నారు. తరువాతి సంవత్సరాల్లో ఆ జబ్బు బాగా తగ్గింది.

మేకలకూ లెక్క ఉంది

"నా మేకలు సుబాబుల్ ఆకు బాగా తింటాయి. తప్పా?" అని అడిగింది మేకలు కాసే చిన్నమ్మ.

సుబాబుల్ ఆకులో బలం ఉంది. మిమోసిన్ అనే విషం కూడా ఉంది. గాడిదలకు, పందులకు, కుందేళ్లకు ఎక్కువ పెడితే వెంట్రుకలు రాలతాయి. ఆస్ట్రేలియాలో పశువులు ఈ ఆకు తిని జబ్బు పడ్డాయి. హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు తిన్నా బాగున్నాయి. రేమండ్ జోన్స్ అనే శాస్త్రవేత్త కారణం కనిపెట్టాడు. ఆ మేకల కడుపులో మిమోసిన్‌ను విరిచే సూక్ష్మజీవులు ఉన్నాయి. 1980ల్లో వాటిని ఆస్ట్రేలియా పశువుల కడుపులోకి ఎక్కించారు. జబ్బు తగ్గింది.

మనకు సులువైన పద్ధతి ఒకటే. సుబాబుల్ ఒక్కటే మేపకూడదు. మొత్తం మేతలో మూడో వంతుకు మించకుండా, గడ్డితో కలిపి మేపాలి.

విషమే మందు కూడా

దూలగొండి కాయ తగిలితే ఒళ్లంతా దురద. కానీ దాని గింజల్లో ఎల్-డోపా అనే పదార్థం ఉంది. చేతులు, తల వణికే పార్కిన్సన్ జబ్బుకు డాక్టర్లు ఇచ్చే మందు అదే. మోతాదు తెలిసి ఇస్తే మందు. తెలియక తింటే వాంతులు, పిచ్చిచూపులు. అందుకే అడవి గింజలతో సొంత వైద్యం వద్దు.

తినకుండా మానేయాలా?

పాప తల్లి చివరగా అడిగింది. "ఇన్ని ఉండాయి కదా, పప్పులు తినేకి భయమవుతాంది."

భయం వద్దు. పప్పులు పేదవాళ్ల మాంసం. ముఖ్యంగా ఆడవాళ్లకు, బాలింతలకు, పిల్లలకు అవి కావాలి. పద్ధతి తెలిసి వండితే చాలు. పెసలు, ఉలవలు, అలసందలు మొలకెత్తిస్తే ఇంకా మంచిది. మొలకెత్తినప్పుడు ఇనుమును అడ్డుకునే పదార్థం తగ్గుతుంది. మొలకలను ఉడికించి గుగ్గిళ్లు చేసుకోవాలి. పైన నిమ్మకాయ పిండుకోవాలి. పులుపు ఉంటే ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే అది పట్టదు.

మరుసటి రోజు పొద్దున అందరూ పారలు, కొడవళ్లు తెచ్చారు. ముందు బడి కంచె మీది గురివింద తీగను వేరుతో తవ్వారు. రాలిన గింజలు ఏరి, లోతుగా గుంట తీసి పూడ్చారు. తరువాత అంగన్‌వాడీ చుట్టూ ఉన్న కసింద మొక్కలు పీకారు. ఎండిన కాయలు పగలకుండా గోనెసంచిలో వేశారు. పాప అక్క దండను తానే తెచ్చి గుంటలో వేసింది.

"నేను లెక్క తప్పలేదు కదా అమ్మా?" అంది ఆ పిల్ల.

"లేదమ్మా. నీ లెక్కే మీ చెల్లెను ఆసుపత్రికి చేర్చింది" అంది తల్లి.

గుర్తుంచుకుందాం

1. గింజలు రాత్రంతా నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయాలి.
2. కొత్త నీళ్లు పోసి, మెత్తగా నలిగేదాకా ఉడికించాలి.
3. ఎండు గింజలు పచ్చిగా పిల్లలకు ఇవ్వకూడదు.
4. బూజు పట్టిన వేరుశనగ మనిషికీ, కోడికీ పనికిరాదు.
5. కందిపప్పు ఏరి వండాలి. ఏటవాలు గింజ ఉంటే కల్తీ అని తెలుసుకోవాలి.
6. గురివింద, కసింద పిల్లలు ఆడే చోట ఉండకూడదు.
7. బిడ్డ విషపు గింజ మింగితే సొంతంగా వాంతి చేయించకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గింజను, కాయను వెంట తీసుకుపోవాలి. ఏమి, ఎన్ని, ఎప్పుడు అని కాగితం మీద రాయాలి. బిడ్డ బాగున్నట్టు కనబడినా ఆసుపత్రికి పోవాలి.

కొత్త మాటలు

మాంసకృత్తులు: ఒంటికి కండ పట్టించే పదార్థం. పప్పులు, గుడ్లు, పాలలో ఉంటుంది.
విరుగుడు: విషాన్ని తిప్పికొట్టే మందు.
కల్తీ: మంచి సరుకులో చెడ్డ సరుకు కలపడం.
మోతాదు: ఎంత తీసుకోవాలో ఆ లెక్క.

మాట్లాడుకుందాం

1. పాప తల్లి కాగితం మీద ఏమేమి రాసింది? అది డాక్టరమ్మకు ఎందుకు పనికొచ్చింది?
2. ఉలవకట్టు పారబోయనక్కర లేదు. నానబెట్టిన నీళ్లు పారబోయాలి. తేడా ఏమిటి?
3. రీవా కూలీలకు జబ్బు రావడానికి గింజ ఒక్కటే కారణమా?
4. మీ ఊళ్లో గురివింద, కసింద ఎక్కడెక్కడ ఉన్నాయి? చూసి వచ్చి పేర్లు రాయండి.

ఖాళీలు నింపండి

1. గురివింద గింజలోని విషం పేరు ______.
2. కేసరి పప్పు తింటే ______ పడిపోతాయి.
3. అనపగింజలు నానబెట్టి పితికితే ______ వస్తుంది.
4. కానుగ నూనె ______ పనికిరాదు.